కమాను పట్టీలో నీలం గీత

నేను ఒక కమాను పట్టీని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. మీరెక్కే బస్సూ, మీ ఊరికి బియ్యం మోసుకొచ్చే లారీ నాలాంటివాళ్ళ వీపు మీదే నడుస్తాయి. ఎప్పుడైనా ఆగి ఉన్న లారీ వెనక చక్రం పక్కన వంగి చూడండి. ఒకదాని కింద ఒకటి పేర్చి, నడుముకి బోల్టులు బిగించిన పది ఇనప పట్టీలు కనిపిస్తాయి. దాన్ని కమాను కట్ట అంటారు. అందులో అన్నిటికంటే పైన, అన్నిటికంటే పొడుగ్గా, రెండు కొసలూ ఉంగరాల్లా చుట్టి ఉండేది మెయిన్ పట్టీ. అది నేను. మిగతా తొమ్మిదీ నాకు కింద ఆసరా మాత్రమే. ఇరుసునీ లారీనీ కలిపి పట్టుకునేది నేనొక్కణ్ణే. నేను తెగితే ఇరుసు పక్కకి తిరుగుతుంది. ఇరుసు తిరిగితే లారీ దొర్లుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

సుతారంగా మాట్లాడటం నాకు చేతకాదు. నా పుట్టుకే అలాంటిది. ఎర్రగా కాలిన ఇనప దిమ్మెను రెండు పెద్ద రోలర్ల మధ్యకు తోసి నలిపితే బయటికొచ్చాను. ఊపిరి తీసుకునే లోపల కొసలు మళ్ళీ కాల్చి, మెలిపెట్టి, ఉంగరాలు చుట్టారు. నడుము వంచారు. వంచిన వేడి మీదే నూనె తొట్టిలో ముంచితే నూనె భగ్గున మండింది, నా ఒళ్ళు బిర్రబిగుసుకుపోయింది. ఆ బిగువు అలాగే ఉంచేస్తే మొదటి గోతిలోనే పుల్లలా విరిగేవాణ్ణి. అందుకని సన్నని సెగ మీద మళ్ళీ గంటలకొద్దీ కాచారు. చివరగా ఇనప గుళ్ళ వాన కురిపించి చర్మమంతా కుళ్ళబొడిచారు. అంత హింసలోనూ ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఆ సన్నని సెగ దగ్గర కూర్చున్న పెద్దాయన గడియారం మీంచి చూపు తిప్పలేదు. పట్టీ పదునంతా ఆ వేడిలో ఉందనీ, తర్వాత ఎవడైనా దీన్ని మళ్ళీ మంటలో పెడితే చంపేసినట్టేననీ పక్కవాడికి చెబుతూనే ఉన్నాడు. మనుషుల్లో నేను చూసిన ఓపికంతా ఆ ఒక్కడిలోనే చూశాను.

అక్కణ్ణుంచి టెక్కలిలో కమాను కట్టలు బిగించే షెడ్డుకు చేరాను. నేను వెళ్ళింది ఖాళీ చోటికి కాదు, ఒక హంతకుడి చోటికి.

పోలయ్య అనే ఆయనకు ఒక ఉప్పు లారీ ఉండేది. నౌపడా ఉప్పుమడుల దగ్గర బస్తాలెక్కించుకుని సాలూరు ఘాటు కొండదారి ఎక్కి జయపురం దాకా తోలేవాడు. ఉప్పు బస్తా చెమ్మ కారుతూనే ఉంటుంది. ఆ చెమ్మ తొట్టి చెక్కల సందుల్లోంచి దిగి కింద పట్టీల మీద, ఇరుసు మీద, గొట్టాల మీద చుక్కచుక్కగా పడుతుంది. రంగును లేపేస్తుంది, ఇనుమును తినేస్తుంది. పోలయ్యకు లారీ అంటే పంచప్రాణాలు. ఆ ప్రాణాలన్నీ పైపైనే పెట్టుకున్నాడు. తొట్టి పలకల మీద తామరపూలు, ముందు అద్దం మీద వెండి తళుకులు, డ్రైవరు తలుపు మీద నెమలి. కింద పట్టీలకు మాత్రం పదేళ్ళలో ఒక్క చుక్క రంగు తగల్లేదు. కిందకి దూరి చూసేదెవరు?

ఒకరోజు మిట్టమధ్యాహ్నం కల్వర్టు మలుపులో నాకు ముందున్న మెయిన్ పట్టీ ఫట్‌మని తెగింది. లారీ పొలంలోకి బోర్లా పడింది. క్యాబిన్‌లోంచి విసిరేసినట్టు పడ్డ పోలయ్య మీదకు నూట ఎనభై బస్తాల ఉప్పు దొర్లింది. ఆయన కూతురు దాలమ్మ కబురు విని పరుగెత్తుకొచ్చి, ఎవరెంత లాగినా వెనక్కి రాకుండా, తనే బస్తాలు ఈడ్చింది. గోనె తాళ్ళకు అరచేతులు చీరుకుపోయాయి. ఆ చీరికల్లో ఉప్పు పడుతున్నా ఆపలేదు. ఆఖరి బస్తా తీసేసరికి తండ్రి ఛాతీ పలకలా అణిగిపోయి ఉంది. ఈ సంగతులన్నీ నన్ను బిగిస్తూ షెడ్డు మేస్త్రి చెప్పాడు. బండి చూసుకోవడానికి దాలమ్మ వచ్చినప్పుడు తెగిన పట్టీని కాలితో పక్కకి తన్ని, దాని గాయంలోని ఎర్రటి తుప్పు చూపించి, ఇదమ్మా మీ అయ్యను మింగింది అన్నాడు. దాలమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఏడవలేదు.

లారీ బాగుపడి ఇంటికొచ్చింది. దాలమ్మ తమ్ముడు దండాసి స్టీరింగు పట్టాడు. దాలమ్మ మొగుడు కూర్మారావు మెకానిక్కు పని తెలిసినవాడు, బండి మంచిచెడ్డలన్నీ తన చేతిలో పెట్టుకున్నాడు. దాలమ్మ ఆ ఇద్దరికీ ఒకే ఒక్క షరతు పెట్టింది. ఏటా దసరాకు ముందు బండి పెరట్లోకి రావాలి. చక్రాలూడదీసి, కింద భాగమంతా గోకి, కొత్తగా రంగు వేసిన తర్వాతే ఆయుధపూజ. పై నెమలికి రంగు వెయ్యకపోయినా ఆమెకు పట్టదు. కింద రంగు లేకపోతే మాత్రం లారీ గుమ్మం దాటడానికి వీల్లేదు.

ఇంట్లో రంగు వెయ్యడమంటే మీరు కుంచె, డబ్బా అనుకుంటారు. నన్నడగండి. వెనక భాగం పైకెత్తి, చాసిస్ చట్రం కింద మొద్దులు పేర్చి, ఇరుసు కింద జాకీ పెట్టి, చక్రాలు లాగేస్తారు. మొదట సుత్తి. తుప్పు పెచ్చులు ఎగిరిపడేదాకా తలనుంచి కొస దాకా బాదుతారు. తర్వాత తీగ బ్రష్. ఉక్కు తీగలు చర్మంలోకి దిగి, బర్రుబర్రుమని పాత రంగునూ తుప్పునూ పీకుతాయి. తర్వాత గరుకు కాగితం. ఒళ్ళంతా పచ్చిపుండు అయ్యాక కిరసనాయిలు గుడ్డతో తుడుస్తారు. చూసేవాడికి తన్నులాటలా ఉంటుంది. నాకు మాత్రం, ఏం దాచుకోను, అది ఇష్టం. సంవత్సరమంతా కొరికి తిన్న ఉప్పును నా మీంచి తన్ని తరిమేవాళ్ళు వాళ్ళే కదా.

దాలమ్మకు ఇందులో ఒక సొంత పద్ధతి ఉండేది. కిరసనాయిలు జిడ్డు మీద రంగు పట్టదని ఆమెకు రెండో ఏడే తెలిసింది. అందుకని తుడిచిన పట్టీ మీద గుప్పెడు ముగ్గుపిండి చల్లి, అద్ది, జిడ్డంతా పీల్చుకున్నాక దులిపేది. వాకిట్లో ముగ్గు వెయ్యాల్సిన పిండి బండి కడుపుకు పూస్తోందని ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె పట్టించుకోలేదు. పిండి దులిపాక ఒక పూత ఎర్ర ప్రైమరు, రెండు పూతలు నల్ల రంగు, అవి ఆరాక పసుపు బొట్టూ కుంకుమా. ఆరేళ్ళు అలాగే సాగింది. ఆరేళ్ళూ నేను గోతుల్లో పడ్డాను, లేచాను, ఘాటు మలుపుల్లో తొమ్మిది టన్నుల ఉప్పును వీపు మీద అటూ ఇటూ తోశాను. ఒక్క గీత పడలేదు.

ఏడో ఏడు చెడింది. సరిగ్గా రంగు వేసే రోజుల్లో దాలమ్మకు విషజ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చారు, దండాసి అక్క మంచం పక్కన కూర్చున్నాడు. పెరట్లో కూర్మారావు ఒక్కడే మిగిలాడు. మనిషి చెడ్డవాడు కాడు, కానీ తొందర మనిషి. రెండ్రోజుల గోకుడు తన వల్ల కాదనుకున్నాడు. రేవులో పడవలు బాగుచేసేవాడి దగ్గర గ్యాసు మంట గొట్టం అరువు తెచ్చి, పాత రంగును కాల్చి ఊడగొట్టడం మొదలెట్టాడు. మంట నా మీద ఆనించాడు. రంగు బుడగలు లేచి, మాడి, రాలింది. పని సులువుగా అవుతోందని మురిసిపోయి, ముందు ఉంగరానికి జానెడు ఇవతల తుప్పు గట్టిగా పట్టిన చోట మంట అలాగే నిలబెట్టాడు. నేను ఎర్రబడ్డాను. వాడు బీడీ ముట్టించుకున్నాడు.

ఆ గడియారం పెద్దాయన గంటలకొద్దీ కూర్చుని నాలో నింపిన పదును పది నిమిషాల్లో పోయింది. అక్కడితో ఆగినా ఏదో బతికేవాణ్ణి. చల్లారేదాకా ఆగే ఓపిక లేక, కూర్మారావు నూతిలోంచి బకెట్టు నీళ్ళు తోడి నా మీద గుమ్మరించాడు. ఉప్పుమడుల పక్కనున్న ఆ ఊరి నూతి నీళ్ళంటే ఉప్పునీళ్ళే. సుయ్‌మని ఆవిరి లేచింది. లోపల టిక్కుమని ఒక చిన్న చప్పుడైంది. నాకు వినిపించింది. వాడికీ వినిపించిందేమో తెలియదు గానీ, వంగి చూశాడు. వేలితో రాసి చూశాడు. పెరట్లో ఎవరైనా ఉన్నారేమోనని తల తిప్పి చూశాడు. ఆ తర్వాత పడవలవాడి దగ్గర మిగిలిపోతే తెచ్చుకున్న నీలం రంగు డబ్బా మూత తీసి, ఆ జానెడు చోటా మూడుసార్లు పూసి, మిగతా అడుగుకంతా అదే రంగు వేసేశాడు.

ఆ ఏడాది లారీ అడుగంతా నీలమే. లారీ కింద పడవ కట్టారని చెక్‌పోస్టుల్లో ఎగతాళి చేశారు. దాలమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి, నీలమైతేనేం, రంగంటూ వేశాడని సంతోషపడి మొగుడికి చేపల పులుసు వండి పెట్టింది. ఒళ్ళు మండిపోయింది నాకు. చెప్పడానికి నోరేదీ?

ఆ తర్వాత సంవత్సరం నేను బతికిన బతుకు పగవాడికి కూడా వద్దు. వెంట్రుకంత బీట. ప్రతి గోతికీ అది నోరు తెరిచి కొంచెం కొరికేది. వాన పడితే నీళ్ళు దిగేవి, ఉప్పు దిగేది. బయట మాత్రం నున్నటి నీలం చర్మం. దండాసికి ఒక అలవాటు ఉంది. బండి ఎక్కే ముందు చక్రాన్ని ఒకసారి కాలితో తన్ని, వంగి నా వీపు మీద అరచేత్తో తడతాడు. పెళ్ళయి ఇంకా రెండేళ్ళు కాలేదు, బండిలో పాటలు పెట్టుకుని తోలతాడు. వాడు తట్టినప్పుడల్లా ఆ చెయ్యి నా బీటకు నాలుగు వేళ్ళ దూరంలో పడేది. వైశాఖంలో ఘాటు దిగుతూ ఎదురుగా వచ్చిన బస్సును తప్పించడానికి వాడు బ్రేకు తొక్కాడు. బరువంతా నా మీదకు దూకింది. సగానికి పైగా చీలిపోయాను. మిగిలిన ఇంత ఇనుముతో ఆ లోయ అంచున బండిని పట్టుకున్నాను. వాడు కిందకి దిగి, చెమట తుడుచుకుని, నా వీపు తట్టి మళ్ళీ ఎక్కాడు.

దసరా వచ్చింది. దాలమ్మకు ఒంట్లో బాగానే ఉంది. నీలం రంగు అక్కడక్కడా పొక్కులు లేవడం చూసి, లోపల తుప్పుందని గ్రహించి, మొత్తం గోకాల్సిందేనంది. కూర్మారావు పై పూత వేస్తే చాలన్నాడు. ఆమె వినలేదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని బండి కిందకి దూరింది. దండాసి కుడివైపు, ఆమె నేనున్న ఎడమవైపు. సుత్తి, తీగ బ్రష్, గరుకు కాగితం. నీలమంతా పొడై రాలి ఆమె జుట్టూ మొహమూ నిండిపోయాయి. కిరసనాయిలు గుడ్డ నా మీద రెండుసార్లు ఈడ్చింది. అది బీటలోకి దిగడం నాకు చల్లగా తెలిసింది. తర్వాత ముగ్గుపిండి చల్లి అద్దింది.

పిండి తెల్లగా పట్టింది. ఆమె గుడ్డ కోసం పక్కకి తిరిగింది. తిరిగి చూసేసరికి ఆ తెల్లదనం మీద, నా వీపుకు అడ్డంగా, ఒక సన్నని నల్ల గీత లేచి ఉంది. బీటలో దాక్కున్న కిరసనాయిలును పిండి పైకి పీలుస్తోంది. ఆమె తుడిచింది. మళ్ళీ పిండి చల్లింది. గీత మళ్ళీ లేచింది, అదే చోట, అదే పొడుగు.

"మావా, ఇలా రా," అంది. "దీన్ని ఓసారి సూడు."

కూర్మారావు నల్ల రంగు డబ్బా కలుపుతున్నాడు. లేవకుండానే, "ఏటుంది సూడ్డానికి? రాయి తగిలుంటాది," అన్నాడు.

"రాయి గీతైతే తుడిస్తే పోవాల. ఇది మళ్ళా మళ్ళా వత్తంది."

"కిరసనాయిలు రాత్తే అలగే వత్తాది. రంగేసెయ్, కనపడదు."

"కనపడకపోతే లేనట్టేనా?"

ఈ మాటకు వాడు లేచాడు. వచ్చి వంగాడు. ఆ గీత వంక చూసిన చూపులో ఆశ్చర్యం లేదు. అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు. "పండగ తెల్లారి లోడుకి మాటిచ్చీసినాను. ఈ కట్ట ఇప్పితే మళ్ళా బిగీదెప్పుడు? షావుకారు కాడ నా పరువేటవుద్ది? ఒగ్గేయ్," అని కుంచె ముంచి, నా మీద పెట్టబోయాడు.

దాలమ్మ తన అరచెయ్యి నా మీద ఆనించింది. కుంచె ఆమె వేళ్ళ మీద పడింది. "తియ్యి," అన్నాడు. తియ్యలేదు. "దీన్ని తోలీది నువ్వు కాదు మావా. నా తమ్ముడు," అంది.

కొట్టాడు. కుంచె పట్టుకున్న చేత్తోనే కొట్టాడు. చెంప మీద నల్ల రంగు చిమ్మింది, ఆమె తల వెనక చాసిస్ కమ్మికి తగిలి ఖంగుమంది. ఆ చప్పుడు నాకు ఈ కొస నుంచి ఆ కొస దాకా పాకింది. దండాసి అవతలివైపు నుంచి పాక్కుంటూ వచ్చి బావ చొక్కా పట్టి బయటికి ఈడ్చాడు. ఇద్దరూ పెరట్లో దొర్లారు. రంగు డబ్బా తన్నుకుపోయి ఇసకంతా నల్లబడింది. కూర్మారావు సుత్తి అందుకుని విసిరితే దండాసి భుజం మీద తగిలింది. దండాసి బావను పట్టి బండి మీదకు తోశాడు. వాడి వీపు వెళ్ళి జాకీకి తగిలింది. జాకీ జారింది. ఇరుసు జానెడు దిగి ధడేల్మని నేలను తాకింది, లారీ మొత్తం ఊగి మొద్దుల మీద కిర్రుమంది. దాలమ్మ ఇంకా బండి కిందే ఉంది.

మొద్దులు పడిపోకుండా ఆగాయి. ఆమె మోచేతుల మీద పాక్కుంటూ బయటికి వచ్చింది. పెదవి చిట్లి రక్తం కారుతోంది, తల వెనక జుట్టు తడిసింది. దండాసి పరుగెత్తి పట్టుకోబోతే పక్కకి నెట్టి, పందిరి గుంజకు ఆనించి ఉన్న సమ్మెట తీసుకుంది. పోలయ్య వాడిన సమ్మెట అది. కూర్మారావు తనకోసమే అనుకున్నాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆమె వాడి పక్కనుంచి నడిచి నా దగ్గరికి వచ్చింది. "అప్పా, మొద్దులు ఆగవు, దూరం రా," అని దండాసి అక్కను పిలుస్తూ అరిచాడు. ఆమె సమ్మెట ఎత్తింది. "మా అయ్యని ఒకటి మింగింది. రెండోదాన్ని నేనుండనివ్వను," అంది.

మొదటి దెబ్బ పక్కనుంచి ఏటవాలుగా పడింది. నిక్షేపమైన పట్టీని కొడితే గంటలా ఖంగుమంటుంది. నేను బొంగురుగా మోగాను, పగిలిన కుండలా. పెరట్లో ముగ్గురూ ఆ తేడా విన్నారు. కూర్మారావు చేతులు దించేశాడు. రెండో దెబ్బకు పిండి అంతా ఎగిరిపోయింది. ఇంతమంది నన్ను కొట్టారు గానీ, ఇంత కడుపు మండి ఎవరూ కొట్టలేదు. ఆ దెబ్బ నాకు నచ్చింది. సంవత్సరం పాటు నేను చెప్పలేక చచ్చిన మాట నా చేత ఆమె చెప్పిస్తోంది. మూడో దెబ్బకు తెగాను.

ముందు ముక్క ఉంగరం దగ్గర వేలాడింది. రెండు ముక్కల మధ్య గాయం వెలుగులోకి వచ్చింది. దాలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని కొంగుతో తుడిచింది. పైనుంచి మూడు వంతులు పాత గాయం, ఎర్రటి తుప్పు. అడుగున ఒక వంతు ఇప్పుడే తెగినది, వెండిలా మెరుస్తోంది. ఇన్నాళ్ళూ లారీని, ఉప్పునీ, దండాసినీ మోసింది ఆ ఒక్క వంతే. అందరికంటే ముందు దండాసి వేలు పెట్టి చూపించింది మాత్రం వేరే చోట. గాయం పై అంచున, తుప్పు మొదలయ్యే చోట, సన్నగా నీలం గీత. రంగు లోపలికి దిగి గడ్డకట్టింది.

బయట నీలం గోకేశారు. లోపలిది ఎవరు గోకగలరు? నీలం రంగు ఆ ఇంట్లో వేసింది ఒకే ఒక్కసారి, వేసింది ఒకే ఒక్కడు. అప్పటికే నేను చీలి ఉంటేనే రంగు లోపలికి దిగుతుంది.

ఇద్దరూ తిరిగి కూర్మారావు వంక చూశారు. వాడు నల్లబడ్డ ఇసకలో కూలబడ్డాడు.

"సూసినాను," అన్నాడు. "పోయినేడే సూసినాను. తలెంటికంత ఉంది. నేనే కాల్సినాను గదా, నేనే నీళ్ళు పోసినాను గదా. నీకు సెప్తే ఏటంటావోనని... రంగేసీసినాను. ఏటీ కాదులే అనుకున్నాను."

దండాసి నెమ్మదిగా అన్నాడు. "ఏడాది తోల్నాను బావా దీన్ని. ఘాటు ఎక్కినప్పుడల్లా నువ్వు టీ తాగించి పంపినావు."

దండాసి జాకీ కడ్డీ తీసుకున్నాడు. ఎత్తాడు కూడా. దాలమ్మ లేచి తమ్ముడి మణికట్టు పట్టుకుంది. పెదవి నుంచి రక్తం కారి గడ్డం మీద ఆరిపోతోంది. "ఒగ్గేయ్," అంది. "ఆడి సెయ్యి ఇరిగితే బండి కిందకి దూరీది ఎవుడు?" తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇనుకో. ఇకనుంచి ఏటా గోకీది నువ్వే. పిండి సల్లి ప్రతి పట్టీ సూసీది నువ్వే. గీత లేదని నువ్వే సెప్పాల. రంగెయ్యడం ఆ తరవాత. రంగేసినాక మొదటి లోడుకి, నా తమ్ముడి పక్కన, ఎడమేపు సీట్లో నువ్వే కూకోవాల. ఘాటెక్కి దిగీదాకా. మళ్ళా నా మీద సెయ్యెత్తినావంటే ఆ సమ్మెట ఉండీ సోటు నాకు తెల్సు."

షావుకారుకు లోడు రాదని కబురు కూర్మారావే మోసుకెళ్ళాడు. ఆ దసరాకి బండి మొద్దుల మీదే పూజ అందుకుంది.

నా తర్వాత వచ్చిన పట్టీ కొత్తది, పొగరుబోతుది. దాని సంగతి అది చెప్పుకుంటుంది. నాలో చిన్న ముక్క కమ్మరి దగ్గరికి వెళ్ళి కత్తిపీట అయింది. రోజూ పొద్దున్నే దాలమ్మ చేతి కింద చేపల తలలు నరుకుతోంది, వాటాలో మంచి పని దానికే దక్కింది. పెద్ద ముక్కనైన నన్ను పెరటి గోడకు రెండు మేకులు కొట్టి వేలాడదీశారు, రంగు డబ్బాల అలమరకు పైన, గాయం బయటికి కనిపించేలా. కూర్మారావు నన్ను తుక్కుకి వేసేద్దామని ఒకసారి నసిగాడు. దండాసి జాలిపడి, ఉప్పుగాలికి తినేస్తుందని నాకో పూత వేద్దామన్నాడు. కుంచె కూడా తీశాడు.

"దానికి ఎయ్యకు," అంది దాలమ్మ. "దాన్ని అలగే ఉండనీ."

అలాగే ఉన్నాను. వెండిలా మెరిసిన వంతు మొదటి నెలలోనే ఎర్రబడింది. ఇప్పుడు పాత గాయానికీ కొత్త గాయానికీ తేడా తెలియదు. నీలం గీత ఒక్కటే అలా మిగిలింది. పడవల రంగు కదా, ఉప్పుకు లొంగదు.

ఐదు దసరాలైంది. కూర్మారావు ఇప్పుడు తొందరపడడు. గోకడానికి మూడు రోజులు, పిండి చల్లి చూడడానికి ఒక పూట. ఒక్కో పట్టీ మీద వంగి, కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి, అంగుళం అంగుళం వేలితో వెతుకుతాడు. ఎందుకు వెతకడూ, రంగు ఆరాక మొదటి లోడుకి ఎడమవైపు సీట్లో కూర్చోవాల్సింది తనే మరి. మొదటి ఏడాది ఆ సీట్లో ఘాటెక్కినప్పుడు తలుపు కమ్మి వదల్లేదని, కిందకి దిగాక రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాడని దండాసి అక్కకు చెబుతుంటే విన్నాను. దండాసి నవ్వుతూ చెప్పలేదు. ఆ ఇద్దరూ ఆ రోజు తర్వాత పని మాటలే మాట్లాడుకుంటారు. కొన్ని పట్టీలు మార్చినా కట్ట మునుపటిలా కూర్చోదు.

ఈ ఏడాది కూడా బండి కిందకి దూరే ముందు కూర్మారావు నా దగ్గరికి వచ్చాడు. చేతి నిండా ముగ్గుపిండి. చుట్టూ ఎవరూ లేరనుకున్నాడు. బొటనవేలు నీలం గీత మీద ఆనించి కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి మొద్దులు ఒకసారి కదిపి చూసుకుని, వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు. వాడి వేలి పిండి తెల్లగా నా గాయం మీద ఉండిపోయింది. వంటింటి గుమ్మంలోంచి దాలమ్మ చూసింది. సాయంత్రం గోడ దులిపేటప్పుడు చీపురు నా దాకా తెచ్చి, ఆ పిండి మచ్చ తుడవకుండా పక్కకి జరిగింది.